ఓ పాజిటివ్ అని రాసినంత మాత్రాన

“ఓకీ ఓకీ బీ ఎట్లా పుడుతుంది సార్?”

అడిగినాయన గొంతు పెంచలేదు. కౌంటరు మీద మూడు కార్డులు వరసగా పరిచాడంతే. తనది ఓ పాజిటివ్. భార్యది ఓ పాజిటివ్. రెండేళ్ళ పిల్లాడిది బీ పాజిటివ్. వెనక బెంచీ మీద ఆయమ్మ కూర్చోనుంది, ఏడో నెల. తల ఎత్తలేదు. పక్కన వాళ్ళత్త గోడ గడియారం కేసి చూస్తా ఉంది. ఆ ఇంట్లో ఆ వారమంతా ఏం నడిచిందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నేను తిరుపతిలో ఒక బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని. ఇరవై రెండేళ్ళయింది. ఈ ప్రశ్నతో వచ్చినవాళ్ళు ఆయనకు ముందూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. చాలాసార్లు ఏదో ఒక కార్డు తప్పై ఉంటుంది. మళ్ళీ గ్రూపింగ్ చేసి, కొత్త కార్డు రాసిచ్చి పంపేస్తాం. ఆ రోజూ అదే అనుకుని ముగ్గురి రక్తమూ తీశా.

భర్తది ఓ. పిల్లాడిది బీ. ఆయమ్మదీ ఓ లాగే వచ్చింది. ఏ కణాలను ముద్దకట్టించే యాంటీ-ఏ చుక్క వేసినా, బీ కణాలను ముద్దకట్టించే యాంటీ-బీ చుక్క వేసినా ఆమె కణాలు ముద్ద కట్టలేదు. అక్కడితో ఆపేస్తే కార్డు మీదున్నది నిజమే. కానీ పద్ధతి ప్రకారం ఇంకో సగం పని ఉంది. ఆమె సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు) తీసి, మా దగ్గర సిద్ధంగా ఉండే ఏ, బీ, ఓ కణాలతో విడివిడిగా కలిపి చూడాలి. రివర్స్ గ్రూపింగ్ అంటాం. సీరం రెండు చుక్కలు, కణాలు ఒక చుక్క, సెంట్రిఫ్యూజ్‌లో ఒక తిప్పు. ట్యూబును లైటు ముందు పట్టుకుని వేలితో మెల్లగా తడితే, పడే రక్తమైతే అడుగునున్న ఎరుపు పొగలా లేచి కలిసిపోతుంది. పడనిదైతే ఎర్ర చొక్కా గుండీలా ఊడొచ్చి, ముక్క కాకుండా ట్యూబులో తిరుగుతుంది. ఓ కణాలు మామూలుగా ఎవరి సీరంలోనూ గుండీ కట్టవు. ఆమె సీరంలో కట్టాయి. ఒకటే గుండీ, గట్టిది.

ఆమె కణాలు ఆమె సీరంలోనే పెట్టి చూశా. ఏమీ లేదు, పొగలా కలిసిపోయాయి. యాంటీ-హెచ్ చుక్క వేశా. ఓ గ్రూపు కణాలు ఆ చుక్క పడగానే ముద్దయిపోవాలి. ఆమెవి పట్టించుకోనేలేదు.

బాంబే గ్రూపు.

రిక్విజిషన్ ఫారం వెనక్కి తిప్పి ఆయనకు బొమ్మ గీసి చెప్పా. ఏ, బీ అనేవి చొక్కాల్లాంటివి. అవి తగిలించడానికి ఎర్ర కణం మీద ముందు ఒక మేకు ఉండాలి. ఆ మేకు పేరు హెచ్. ఓ వాళ్ళకు చొక్కాలు లేవు గానీ మేకులున్నాయి. మీ ఆవిడకు మేకులే లేవు. ఆమె పెట్టెలో బీ చొక్కా ఉన్నా తగిలించే చోటు లేక బయటికి కనబడదు. పిల్లాడికి చొక్కా అమ్మ నుంచి వచ్చింది, మేకు నీ నుంచి వచ్చింది. అందుకే వాడు బీ.

రక్తం గ్రూపు ఎవరినీ తండ్రి అని నిరూపించదు. కానీ మీ అనుమానానికి ఆ మూడు కార్డుల్లో ఆధారం లేదని చెప్పడానికి చాలు. అదీ చెప్పా. ఆయన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళత్త లేచొచ్చి, “ఈ ముక్క మొదటే చెప్పుంటే పోయేది గదా నాయనా” అనింది, కార్డు రాసిచ్చింది నేనే అయినట్టు. ఆ కార్డు ఏదో క్యాంపులో స్లైడు మీద రెండు చుక్కలేసి రాసిచ్చింది. ఎవరిచ్చారో ఇక్కడ చెప్పను. చుట్టూ జనం తోసుకుంటుంటే రివర్స్ గ్రూపింగ్ వదిలేసిన రోజులు ఈ వృత్తిలో ఉన్నవాళ్ళం చాలామందిమి చూశాం.

పేరు బాంబేది కావడానికి కారణం, 1952లో ఆ ఊళ్ళోనే డాక్టర్ వై.ఎం. భెండే బృందం దీన్ని మొదట గుర్తించి లాన్సెట్ పత్రికలో రాయడం. మన దేశంలో సుమారు పది వేలమందిలో ఒకరికి ఉంటుందని లెక్క కడతారు. మేకును తయారుచేసే జన్యువు ఎఫ్‌యూటీ1, 19వ క్రోమోజోమ్ మీద ఉంది. చొక్కాల జన్యువు 9వ దాని మీద. రెండింటికీ సంబంధం లేదు కాబట్టే ఈ తికమక.

తికమక తీరింది గానీ అసలు భయం నాకు అప్పుడు మొదలైంది. ఇంకో రెండు నెలల్లో ఆమెకు కాన్పు. రక్తం ఎక్కించాల్సి వస్తే? బాంబే వాళ్ళకు బాంబే రక్తమే ఎక్కాలి. అందరికీ ఇవ్వొచ్చని చెప్పుకునే ఓ నెగెటివ్ కూడా వాళ్ళకు విషమే. ఇట్లాంటప్పుడు మొదట వెతకాల్సింది వాట్సాప్ గ్రూపుల్లో కాదు, తోడబుట్టినవాళ్ళలో. ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం. ఆమెకు అన్న ఉన్నాడు, బెంగళూరు మార్గంలో లారీ నడుపుతాడు. పలమనేరు దగ్గర పల్లె. పిలిపించి చూస్తే అతనికీ మేకుల్లేవు. రక్తం తీస్తుంటే అడిగా, అమ్మానాన్నలది మేనరికమా అని. “మా అమ్మ మా నాయనకు సొంతక్క కూతురే సార్. మా పక్క అంతా అంతే గదా” అన్నాడు.

ఇప్పుడీ కథ చెప్పి, “చూశారా, జన్యు పరీక్షలు ఎంత అవసరమో” అంటే నేను అబద్ధమాడినట్టే. ఇందులో జన్యువును ఎవరూ చదవలేదు. ఓ కణాలు ఒక చుక్క, యాంటీ-హెచ్ ఒక చుక్క. అంతే. అందుకే, ఉన్న పరీక్షే సరిగ్గా చెయ్యనిచోట జీన్ సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరం చదవడం) గురించి మాట్లాడ్డం కూటికి లేనోడు మేడ కట్టినట్టుందని చాలా ఏళ్ళు నేనే అంటూ వచ్చా. అన్న మాటను వెనక్కి తీసుకోవడానికే ఈ రాత.

నన్ను కదిపింది మా పక్కూరే. చిత్తూరు నుంచి పలమనేరు, నంగిలి, ముళబాగిలు దాటితే కోలారు. కోలారు జిల్లాకు చెందిన 38 ఏళ్ళ మహిళకు గుండె ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది. గ్రూపు ఓ పాజిటివ్. ఏ ఓ పాజిటివ్ సంచీతో క్రాస్ మ్యాచింగ్ చేసినా, అంటే దాత కణాలను రోగి సీరంతో కలిపి చూసినా, ముద్ద కడుతోంది. నమూనా బెంగళూరులోని రోటరీ-టీటీకే బ్లడ్ సెంటర్‌కు వెళ్ళింది. అక్కడ ఏ కణాలు పెట్టినా అదే తంతు. బంధువులు ఇరవై మంది రక్తం చూశారు, ఒక్కరిదీ పడలేదు. చివరికి రక్తం ఎక్కించకుండానే జాగ్రత్తగా ఆపరేషన్ గట్టెక్కించారు. తర్వాత నమూనాలు ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ నగరంలోని అంతర్జాతీయ రెఫరెన్స్ ల్యాబ్‌కు వెళ్ళాయి. పది నెలల పరిశోధన. 2025 జూన్‌లో మిలాన్‌లో జరిగిన సభలో ప్రకటించారు: క్రోమర్ అనే రక్త వ్యవస్థలో ఇంతవరకు ఎవరూ చూడని కొత్త యాంటిజెన్, అంటే ఏ, బీల్లాగా ఎర్ర కణం మీదుండే ఒక గుర్తు. పేరు క్రిబ్. సీఆర్ అంటే క్రోమర్, ఐబీ అంటే ఇండియా, బెంగళూరు.

ఆ వార్త చదివిన రోజు డ్యూటీలో ఉన్నా. ఆ నమూనా మా బల్ల మీదికి వచ్చుంటే నేనేం చేసేవాణ్ణి? రిజిస్టర్లో ‘ఇన్‌కంపాటిబుల్’ అని రాసి, వేలూరు తీసుకుపొమ్మని చెప్పేవాణ్ణి. మా దగ్గరుండే ఏ చుక్కతోనూ అది దొరకదు. లోకంలో ఎవరూ చూడని యాంటిజెన్‌కు చుక్కమందు ఎవడు తయారుచేసి ఉంటాడు? చుక్కమందుకు తెలిసిందే చెప్పడం వచ్చు. కొత్తది చెప్పాలంటే జన్యువు చదవాల్సిందే.

చుక్కమందులంటే నాకు చులకన లేదు. నిజానికి వాటిలో ఒకటి మా ఇంటి వంటగదిలోదే. ఏ గ్రూపులో ఏ1, ఏ2 అని రెండు రకాలు. వాటిని విడదీసే చుక్కను ఉలవల్లోంచి తీస్తారు. నిజంగా ఉలవలే, సాయంత్రం పూట గుగ్గిళ్ళు చేసుకునేవి. ఉలవ గింజల రసం ఏ1 కణాలను ముద్దకట్టిస్తుందని జి.డబ్ల్యు.జి. బర్డ్ 1951లో మన కరెంట్ సైన్స్ పత్రికలోనే రాశాడు. బడి పిల్లలు ల్యాబ్ చూడ్డానికొస్తే నేను మొదట చూపించేది ఈ సీసానే. మిగతా పాఠమంతా మర్చిపోయినా ఉలవల్ని మాత్రం మర్చిపోరు.

కానీ ఇప్పటికి గుర్తించిన రక్త వ్యవస్థలు నలభై దాటిపోయాయి. ఏబీఓ, ఆర్‌హెచ్ అందులో రెండే. కెల్, డఫీ, కిడ్, ఇంకా మన దేశం పేరుతోనే ఉన్న ‘ఇండియన్’ అనే వ్యవస్థ. మొత్తం కలిపితే యాంటిజెన్లు మూడు వందలకు పైనే. అన్నింటికీ సీసాలు దొరకవు. దొరికిన అరుదైన సీసా ధర చూస్తే మాకు చేతులు వణుకుతాయి. జన్యువుల వైపు నుంచి చూస్తే మాత్రం, వీటన్నిటినీ నడిపేవి ఒక యాభై జన్యువులు. ఒక్కసారి చదివితే అన్నిటి గురించీ ఒకే కాగితం మీద తెలుస్తుంది. పైగా రక్తం సంచీ వయసు 35 రోజులు, మహా అయితే 42. జన్యువు చదివిన కాగితానికి మనిషి ఆయుష్షంత.

చదవడంలోనూ తేడాలున్నాయి, అవి మావాళ్ళు కూడా సరిగ్గా పట్టించుకోరు. ఎక్కువగా వాడే యంత్రాలు డీఎన్‌ఏను నూటయాభై అక్షరాల చొప్పున తునకలుగా చదివి, కంప్యూటర్లో అతికిస్తాయి. చాలా జన్యువులకు అది చాలు. ఆర్‌హెచ్ దగ్గరికొచ్చేసరికి చిక్కు. ఆర్‌హెచ్‌డీ, ఆర్‌హెచ్‌సీఈ అని రెండు జన్యువులు ఒకటో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి, పోలికలు అచ్చం ఒకటే. ఒకే ముహూర్తానికి ఒకే మండపంలో అన్నదమ్ములిద్దరికీ పెళ్ళి చేస్తూ రెండు పత్రికలు అచ్చేయించారనుకోండి. తాత పేరు ఒకటే, ఊరు ఒకటే, విందు టైము ఒకటే, పెళ్ళికూతురి పేరొకటే తేడా. రెంటినీ చింపి కలిపేస్తే ఏ ముక్క ఏ పత్రికదో ఎట్లా చెబుతారు? కొందరిలో ఈ రెండు జన్యువులూ ముక్కలు మార్చుకుని సగం ఇదీ సగం అదీ అయి ఉంటాయి. అట్లాంటివాళ్ళు ఒక సీసాతో పాజిటివ్ అని వస్తారు, ఇంకో సీసాతో నెగెటివ్ అని. వేల అక్షరాలు ఏకబిగిన చదివే కొత్తరకం యంత్రాలు వచ్చాక ఈ గొడవ తగ్గింది. పత్రికను చింపకుండా చదివినట్టన్నమాట.

పాత చిక్కుముళ్ళు ఇట్లా విడిపోతున్నాయి కూడా. గ్వాడెలూప్ ద్వీపానికి చెందిన ఒకామెకు 2011లో పారిస్‌లో ఆపరేషన్ ముందు పరీక్షలు చేస్తే ఏదో తెలియని యాంటీబాడీ (సీరంలో ఉండి, పడని కణాలను ముద్దకట్టించేది) కనబడింది. నమూనా దాచిపెట్టారు. 2019లో సీక్వెన్సింగ్ చేస్తే కారణం దొరికింది. అదే 2025 మిలాన్ సభలో 48వ వ్యవస్థగా చేరింది. ఎనిమిదేళ్ళు ఫ్రీజర్లో ఉన్న ట్యూబు అది. మేమైతే ట్యూబులను సంచీ వెళ్ళిపోయాక కొన్నాళ్ళుంచి పారేస్తాం.

సరే, తిరుపతికీ దీనికీ ఏమిటి అంటారా? నా వాదన అంతా ఇక్కడే ఉంది.

కాగితం పెన్సిలు తీసుకుని నేనే వేసిన లెక్క చెబుతా. బాంబే గ్రూపు పదివేలకు ఒకరనుకుంటే, ఆ చెడిన జన్యువు నూటికి ఒకటి చొప్పున జనంలో తిరుగుతోందని అర్థం. బావామరదళ్ళు పెళ్ళి చేసుకుంటే వాళ్ళ బిడ్డకు ఆ గ్రూపు వచ్చే అవకాశం సుమారు 1,400కు ఒకటి అవుతుంది. మేనమామ, మేనకోడలు అయితే 750కి ఒకటి. పదమూడు రెట్లు! బాంబే గ్రూపుకే కాదు, తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తే తప్ప బయటపడని ఏ అరుదైన గ్రూపుకైనా ఈ లెక్కే. మేనరికం మంచిదా చెడ్డదా అని నేనిక్కడ పంచాయితీ పెట్టడం లేదు, మా అమ్మానాన్నలదీ మేనరికమే. కులం లోపలే తరతరాలుగా పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చిన మన దేశంలో ఒక్కో సమూహానికి ఒక్కో అరుదైన జన్యువు పేరుకుపోయి ఉంటుందని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు భాగస్వాములుగా 2017లో వచ్చిన అధ్యయనం చూపించింది. అంటే ఒకరికి అరుదైన గ్రూపుందంటే, ఆ వంశవృక్షంలో ఇంకో ఇద్దరో ముగ్గురో ఎక్కడో ఉంటారు. 2022లో మా జిల్లాను విడగొట్టారు గానీ వియ్యాలను విడగొట్టలేదు. పలమనేరోళ్ళ వియ్యంకులు ముళబాగిల్లో ఉంటారు, చిత్తూరోళ్ళవాళ్ళు గుడియాత్తంలో. వెతకాలంటే మూడు రాష్ట్రాల్లో వెతకాలి.

అవసరం వైపు చూడండి. మామూలు రోజుల్లోనే అరవై, డెబ్భై వేలమంది కొండకొస్తారు, దేశం నలుమూలల నుంచి. స్విమ్స్ ఉంది, రుయా ఉంది, 2021 నుంచి చిన్నపిల్లల గుండె ఆసుపత్రి ఉంది. దాతల వైపు చూడండి. హీరో పుట్టినరోజు, నాయకుడి పుట్టినరోజు, ఇంకో నాయకుడి వర్ధంతి, ప్రతిదానికీ క్యాంపే. మూడు నెలలు నిండగానే ఫోన్ చేసి “అన్నా, వచ్చేదా?” అని అడిగే కుర్రాళ్ళు మా దగ్గర ఉన్నారు. వాళ్ళ రక్తం పదిసార్లు తీశాం, పదిసార్లూ ఓ పాజిటివ్, ఓ పాజిటివ్ అని రాసుకున్నాం. వాళ్ళలో ఒక్కడికి కెల్ ఏమిటో, డఫీ ఏమిటో తెలియదు. బాంబే అయితే రివర్స్ గ్రూపింగ్‌లో దొరుకుతాడు. మిగతా అరుదైన గ్రూపులు దాత దగ్గర దొరకవు. అతనికి ఇంకొకరి రక్తం ఎక్కి, యాంటీబాడీ పుట్టి, ప్రాణం మీదికొచ్చాకే దొరుకుతాయి. అందరినీ చదవమని నేననను. ఐదుసార్లకు మించి రక్తమిచ్చినవాళ్ళను చదవండి. క్రాస్ మ్యాచింగ్‌లో చిక్కొచ్చిన ప్రతి రోగినీ, ఆ రోగి తోడబుట్టినవాళ్ళనూ చదవండి. నెలనెలా రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలను చదవండి. ఎక్కించేకొద్దీ వాళ్ళ ఒంట్లో యాంటీబాడీలు పుట్టి, పడే సంచీ దొరకడం కష్టమవుతూ పోతుంది. ఇంగ్లండ్‌లో 2024 జనవరి నుంచి తలసీమియా, సికిల్ సెల్ వాళ్ళకు జన్యువుల ఆధారంగా రక్తం గ్రూపు చూసే పరీక్ష మొదలుపెట్టారు.

డబ్బెక్కడ అంటారు. నిజమే, చౌక కాదు. అయితే పూర్తి జీనోమ్ అక్కర్లేదు, ఆ యాభై జన్యువులు చాలు. ఒక్కొక్కరికీ కాకుండా పదుల సంఖ్యలో కలిపి ఒకేసారి యంత్రంలో పెట్టొచ్చు. యేర్పేడు దగ్గర ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థ ఉంది, ఊళ్ళో యూనివర్సిటీ ఉంది, జీవశాస్త్రం చదివి పని కోసం బెంగళూరు బస్సెక్కుతున్న పిల్లలు ఉన్నారు.

నాకు అంతకంటే పెద్ద ఇబ్బంది అనిపించేది ఇంకోటి. మనవాళ్ళ జన్యువులు చదివి, కులం, ఊరు పక్కన రాసిపెట్టుకుంటే రేపు ఆ పట్టిక ఎవరి చేతిలో పడుతుంది? పెళ్ళిసంబంధాల దగ్గర దాన్ని వాడరని నమ్మకం ఏముంది? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రక్తం గ్రూపు జన్యువులు తప్ప ఇంకేవీ చదవకూడదు, ఒప్పుకోలు పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. ఇప్పుడు మేం చేస్తున్నట్టు “ఇక్కడో సంతకం పెట్టన్నా” అని ఇంగ్లీషు కాగితం ముందుకు తోయడం కాదు. ఈ మాత్రం కూడా చెయ్యలేమంటే మొదలుపెట్టకపోవడమే మేలు.

చదివింది ఎక్కడుంటుందనేది కూడా ముఖ్యమే. ముంబైలోని ఎన్‌ఐఐహెచ్ సంస్థ అరుదైన దాతల రిజిస్ట్రీ ఒకటి నడుపుతోంది. ఇక్కడ దొరికిన ప్రతి పేరూ అందులోకి వెళ్ళాలి. ఇప్పుడు ఎక్కడికెళ్తున్నాయో చెప్పనా? నా స్టాకు రిజిస్టరు వెనక పేజీకి. ఇరవై రెండేళ్ళలో నాకు తగిలిన బాంబే గ్రూపు వాళ్ళు నలుగురు, పెన్నుతో రాసుకున్న నాలుగు పేర్లు, నాలుగు ఫోన్ నంబర్లు. నేను సెలవులో ఉంటే ఆ పేజీ సంగతి ఇంకెవరికీ తెలియదు.

ఆయమ్మకు సుఖప్రసవమే అయింది. ఆడపిల్ల. అన్న ఇచ్చిన సంచీ వాడాల్సిన పని పడలేదు. ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని నాలుగు చోట్లకు ఫోన్లు చేశా, ముప్ఫై ఐదో రోజు నా చేత్తోనే డిస్కార్డులో వేశా. గ్లిజరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల్లో పెడితే అదే రక్తం పదేళ్ళుంటుంది. ఆ ఏర్పాటు మాకు లేదు.

పోయిన వారం ఎందుకో ఆ నాలుగు నంబర్లకూ వరసగా చేశా. ఇద్దరు పలికారు. ఒకరిది ఎవరో కన్నడంలో ఎత్తి రాంగ్ నంబర్ అన్నారు. లారీ అన్నది స్విచాఫ్. వచ్చే ఆదివారం పలమనేరులో ఒక పెళ్ళుంది. వాళ్ళ పల్లె అక్కడికి ఆరేడు కిలోమీటర్లే, భోజనాలయ్యాక బండి అటు తిప్పి అడిగొస్తా.